ఎర్ర వియన్నా: మనోవైద్యం ఎవరి హక్కు?

మన సాహిత్య విమర్శలో ఫ్రాయిడ్ పేరు కొత్తది కాదు. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ను, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ని, నవీన్ ‘అంపశయ్య’ను చర్చిస్తూ ఆ పేరు తలవని విమర్శకుడు అరుదు. అయితే మనం అందుకున్నది ఒంటరి మనిషి అంతరంగాన్ని తవ్విన ఫ్రాయిడ్‌ను. వైద్యానికి డబ్బు లేనివాడి గురించి మాట్లాడిన ఫ్రాయిడ్‌ను మనం పెద్దగా పట్టించుకోలేదు. అభ్యుదయ రచయితలు తెలుసుకోవలసిన చరిత్ర ఈ రెండో వైపున ఉంది.

1918 సెప్టెంబరులో, మొదటి ప్రపంచయుద్ధం ముగియవస్తున్న రోజుల్లో, బుడాపెస్ట్ మహాసభలో ఆయన ప్రసంగించాడు. శస్త్రచికిత్స పొందడానికి పేదవాడికి ఎంత హక్కు ఉందో మనసుకు చికిత్స పొందడానికీ అంతే హక్కు ఉందని, అది ఉచితంగా అందే రోజు రావాలని ఆ ప్రసంగంలోని ఒక ముఖ్యాంశం. 1920లో బెర్లిన్‌లో, 1922లో వియన్నాలో ఉచిత చికిత్సాలయాలు వెలిశాయి.

వియన్నాలో ఈ ఆలోచనకు అనువైన నేల దొరికింది. 1919లో నగరపాలన సోషల్ డెమోక్రాట్ల చేతికి వచ్చింది. కార్మికులకు ఇళ్లు కట్టారు, బడులను సంస్కరించారు. 1898లోనే దర్జీ పనివారి ఆరోగ్యంపై పుస్తకం రాసిన వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్, ఆ బడులను ఆసరా చేసుకుని బాలల సలహా కేంద్రాలు నెలకొల్పాడు. ముందు ఉపాధ్యాయుడు బిడ్డ సంగతి వివరించేవాడు. తరవాత తల్లిదండ్రులతో, ఆపైన బిడ్డతో మాట్లాడేవారు. రుసుము లేదు. పదిమంది ఉపాధ్యాయులు కూర్చుని వినే ఆ పద్ధతిలో బిడ్డ గుట్టు ఏమవుతుందన్న ప్రశ్న నేడు వేయక తప్పదు. అయినా మొద్దు, మొండి అన్న ముద్రలు పక్కకు పోయి, ఈ బిడ్డ ఇంట్లో తన చోటు ఏమిటనుకుంటున్నాడు అన్న విచారణ మొదలైంది. తరవాతి కాలపు కుటుంబ చికిత్సకు ఒక మూలం ఇక్కడుంది.

దంపతుల విషయంలో చరిత్ర ఇంత సూటిగా లేదు. 1922లో నగరపాలక సంస్థ పెళ్లి చేసుకోబోయేవారికి సలహా కేంద్రం తెరిచింది. ప్రసిద్ధ సిద్ధాంతకర్త కార్ల్ కౌట్‌స్కీ కుమారుడైన వైద్యుడే దానికి అధిపతి. కాని ఆరోగ్యవంతమైన సంతానం కలుగుతుందా అన్నదే అక్కడి ప్రధాన ప్రశ్న. జాతి మెరుగుదల అనే ఆ కాలపు భావజాలం సోషలిస్టులనూ వదలలేదు. 1929లో విల్‌హెల్మ్ రైఖ్, మేరీ ఫ్రిషౌఫ్ మొదలైనవారు కార్మికుల కోసం నడిపిన కేంద్రాలు భిన్నమైనవి. అక్కడ గర్భనిరోధం, ఇరుకు ఇళ్లు, స్త్రీ పురుషుల అసంతృప్తి ఒకే సమస్యలోని ముడులుగా కనిపించాయి. ప్రభుత్వ సంస్థ అయినంత మాత్రాన అది ప్రజల పక్షం కాదు. ఎవరి అవసరం నుంచి ప్రశ్న పుట్టిందో చూడాలి.

1934 ఫిబ్రవరిలో డోల్ఫస్ ప్రభుత్వం కార్మికుల తిరుగుబాటును ఫిరంగులతో అణచివేసింది. కార్ల్ మార్క్స్ పేరు పెట్టిన గృహసముదాయం మీద గుళ్లు కురిశాయి. సోషల్ డెమోక్రాటిక్ పార్టీని నిషేధించారు. ఆడ్లర్ కేంద్రాలు మూతపడ్డాయి. 1938లో నాజీల రాకతో ఉచిత మనోవిశ్లేషణ చికిత్సాలయమూ అంతరించింది. వైద్యులు చెల్లాచెదురై దేశాలు పట్టారు. వారి విద్య బతికింది గాని, దాన్ని పేదవాడి వీధికి చేర్చిన వ్యవస్థ బతకలేదు. గంటకింత అని రుసుము చెల్లించగలవారి వ్యవహారంగా చికిత్స మనకు కనబడుతున్నదంటే, అది దాని సహజ గుణం కాదు. ఒక రాజకీయ ఓటమికి అందులో భాగముంది.

మన దేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ చికిత్సను హక్కుగా గుర్తించింది. చట్టంలో హక్కు రాయడం ఒకటి, బడి ముగిశాక ఒక తల్లి బిడ్డను వెంటబెట్టుకుని రాగలిగేలా ఒక గది తెరిచి ఉంచడం మరొకటి. ఈ రెంటి మధ్య దూరమే నేటి కథకుడి వస్తువు. ఇంటి కలహాన్ని అత్తాకోడళ్ల స్వభావంగా, చదువురాని బిడ్డను విధివంచితుడిగా చిత్రించే రచయిత ఆ దూరాన్ని కప్పిపుచ్చుతున్నాడు. విమర్శకుడు నిలదీయవలసింది అక్కడే.