అమెరికాలో డ్యూ ప్రాసెస్: వలసదారులపై అధ్యక్షుడి అధికారానికి హద్దు ఎక్కడ?

అమెరికా గడ్డపై ఉన్న విదేశీయుడిని పంపించేయాలంటే ప్రభుత్వం ముందు నోటీసు ఇవ్వాలి, కారణం చెప్పాలి, అతని మాట వినాలి. నిర్ణయం ఆ తర్వాతే. ఈ పద్ధతినే అక్కడ ‘డ్యూ ప్రాసెస్’ అంటారు. మరోవైపు వీసాలు, సరిహద్దులు, వలసల విషయంలో అమెరికా అధ్యక్షుడికి చట్టం విశాలమైన అధికారాలు ఇచ్చింది. ఈ రెండింటి మధ్య పోరు అక్కడి కోర్టుల్లో 130 ఏళ్లకు పైగా నడుస్తోంది. 2017లో ముస్లిం దేశాల ప్రయాణికులపై వచ్చిన నిషేధం, 2025లో విదేశీ విద్యార్థుల రికార్డుల రద్దు రెండూ ఇందులో భాగమే. పిల్లలను అమెరికా పంపిన తెలుగు కుటుంబాలకు ఈ కేసుల సారాంశం తెలిసి ఉండటం మంచిది.

పౌరుడే కానక్కర్లేదు

అమెరికా రాజ్యాంగ ఐదో సవరణ 1791లో అమల్లోకి వచ్చింది. సక్రమ న్యాయ ప్రక్రియ లేకుండా ఏ వ్యక్తి ప్రాణాన్నీ, స్వేచ్ఛనూ, ఆస్తినీ తీసుకోకూడదని దాని సారం. అందులో ఉన్న మాట ‘పౌరుడు’ కాదు, ‘వ్యక్తి’. మన రాజ్యాంగంలోని 21వ అధికరణంలో కూడా ఇలాగే ‘వ్యక్తి’ అనే ఉంది. కాబట్టి వీసా మీద వెళ్లినవారికి, గ్రీన్ కార్డు ఉన్నవారికి, చివరకు కాగితాలు లేనివారికి కూడా ఈ రక్షణ వర్తిస్తుంది.

కానీ అందరికీ ఒకేలా వర్తించదు. 1889లో చైనా కార్మికుల కేసులో, ఎవరిని దేశంలోకి రానివ్వాలో వద్దో తేల్చుకునే అధికారం ప్రభుత్వానిదేనని సుప్రీంకోర్టు చెప్పింది. 1903లో జపాన్ నుంచి వచ్చిన ఒక యువతి కేసులో మాత్రం, లోపలికి వచ్చేసిన మనిషిని మాట వినకుండా పంపకూడదని తేల్చింది. అప్పటి నుంచి గీత అక్కడే ఉంది. గడప లోపల ఉన్నవారికి హక్కులు ఎక్కువ, గడప బయట ఉన్నవారికి చాలా తక్కువ.

ఈ తేడా కాగితం మీదిది మాత్రమే కాదు. శ్రీలంక నుంచి వచ్చిన ఒక శరణార్థి సరిహద్దు దాటి 25 గజాలు లోపలికి వచ్చాక దొరికాడు. అయినా అతన్ని గడప దగ్గర ఉన్నవాడిగానే చూడాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024లో మరో తీర్పు వచ్చింది. భర్త వీసాను కాన్సులేట్ తిరస్కరిస్తే, భార్య అమెరికా పౌరురాలైనా సరే, ఆ నిర్ణయాన్ని కోర్టులో సవాలు చేసే రాజ్యాంగ హక్కు ఆమెకు లేదని అందులో తేల్చారు. అంటే హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా రాని విద్యార్థికి కోర్టు దారి దాదాపు లేనట్టే. అదే విద్యార్థి డాలస్‌లోనో చికాగోలోనో చదువుతూ ఉంటే పరిస్థితి వేరు. గ్రీన్ కార్డు ఉన్నవారు కొద్దికాలం బయటికి వెళ్లి తిరిగొస్తే వారికీ డ్యూ ప్రాసెస్ వర్తిస్తుందని 1982లోనే కోర్టు చెప్పింది.

అధ్యక్షుడికి ఉన్న అధికారాలు

అధ్యక్షుడు ఎక్కువగా వాడేది 1952 నాటి వలస చట్టంలోని 212(ఎఫ్) సెక్షన్. ఫలానా విదేశీయుల రాక దేశానికి నష్టమని భావిస్తే వారి ప్రవేశాన్ని ఆపే అధికారం అది ఇస్తుంది. 2017 నిషేధానికి ఇదే ఆధారం. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము పెట్టిన ప్రకటనకూ ఇదే ఆధారం. ఆ రుసుముపైనా కేసులు పడ్డాయి.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. అమెరికాలో ఇమిగ్రేషన్ కోర్టులు మామూలు కోర్టుల్లాంటివి కావు. అక్కడి జడ్జీలు న్యాయశాఖ ఉద్యోగులు, అటార్నీ జనరల్ కింద పనిచేస్తారు. వారి తీర్పులపై అప్పీలు వినే బోర్డు కూడా అదే శాఖలో ఉంటుంది. ఆ మెట్లు దాటాకే స్వతంత్రంగా ఉండే ఫెడరల్ అప్పీల్ కోర్టు వస్తుంది. లాయరును పెట్టుకోవచ్చు కానీ ఖర్చు ప్రభుత్వం పెట్టుకోదు. అన్యాయంగా నిర్బంధించారని అనుకుంటే మాత్రం హెబియస్ కార్పస్ పిటిషన్‌తో నేరుగా ఫెడరల్ జిల్లా కోర్టుకు వెళ్లవచ్చు.

2017 నిషేధం నేర్పిన పాఠం

2017 జనవరి 27న అధ్యక్షుడు ట్రంప్ ఇరాన్, ఇరాక్, లిబియా, సోమాలియా, సూడాన్, సిరియా, యెమెన్ పౌరుల రాకను 90 రోజులు ఆపుతూ ఉత్తర్వు ఇచ్చారు. అప్పటికే విమానాల్లో ఉన్నవారు దిగగానే నిర్బంధంలో పడ్డారు. మొదట్లో గ్రీన్ కార్డు ఉన్నవారిని కూడా ఆపేశారు. మర్నాడు రాత్రే బ్రూక్లిన్‌లోని ఫెడరల్ జడ్జి, వచ్చినవారిని వెనక్కి పంపవద్దని ఆదేశించారు. ఫిబ్రవరి 3న సియాటిల్ జడ్జి ఉత్తర్వును దేశమంతటా ఆపేశారు. ఫిబ్రవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలోని అప్పీల్ కోర్టు కూడా ప్రభుత్వానికి ఊరట ఇవ్వలేదు. నోటీసు, విచారణ లేకపోవడమే అక్కడ ప్రధాన లోపంగా కనిపించింది.

ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు, ఉత్తర్వును సరిదిద్దుకుంది. మార్చిలో రెండోది, సెప్టెంబరులో మూడోది వచ్చాయి. మూడోదాంట్లో గ్రీన్ కార్డు ఉన్నవారిని మినహాయించారు, దేశాలవారీ సమీక్ష చూపించారు, ముస్లిమేతర దేశాలైన ఉత్తర కొరియా, వెనిజువెలాను కూడా చేర్చారు. 2018 జూన్ 26న సుప్రీంకోర్టు 5-4తో దాన్ని సమర్థించింది. ముస్లింలపై ఎన్నికల సమయంలో చేసిన వ్యాఖ్యలను పట్టించుకోకుండా తీర్పు ఇవ్వడం తప్పని జస్టిస్ సోటోమేయర్ అసమ్మతి తీర్పులో రాశారు. నిషేధాన్ని 2021 జనవరి 20న అధ్యక్షుడు బైడెన్ రద్దు చేశారు. 2025 జూన్‌లో ట్రంప్ 12 దేశాలపై పూర్తిగా, ఏడు దేశాలపై పాక్షికంగా మళ్లీ ఆంక్షలు పెట్టారు. భారత్ వాటిలో లేదు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కోర్టులు తొందరపాటును ఆపినంత సులువుగా విధానాన్ని ఆపలేదు. పద్ధతి తప్పితే ఉత్తర్వు పడిపోయింది, పద్ధతి సరిచేసుకుంటే నిలబడింది. అయినా మధ్యలో దొరికిన ఆ వ్యవధిలో ఎన్నో కుటుంబాలు ఒక్కచోటికి చేరుకోగలిగాయి.

24 గంటల నోటీసు చాలదు

2025 మార్చిలో ప్రభుత్వం 1798 నాటి ‘శత్రు విదేశీయుల చట్టాన్ని’ బయటికి తీసింది. అంతకుముందు దాన్ని 1812 యుద్ధంలో, రెండు ప్రపంచ యుద్ధాల్లో మాత్రమే వాడారు. ఈసారి వెనిజువెలాకు చెందిన ఒక ముఠా సభ్యులంటూ చాలామందిని విమానాల్లో ఎల్ సాల్వడార్ జైలుకు పంపించేశారు.

ఏప్రిల్ 7న సుప్రీంకోర్టు రెండు మాటలు చెప్పింది. ఇలాంటివారు ఎక్కడ నిర్బంధంలో ఉంటే అక్కడి కోర్టులోనే హెబియస్ కార్పస్ వేయాలి. పంపించేముందు నోటీసు ఇచ్చి, సవాలు చేసుకునే అవకాశం ఇవ్వాలి. మొదటి మాటపై జడ్జీలు 5-4గా చీలిపోయారు, రెండో మాటపై తొమ్మిది మందీ ఒక్కటయ్యారు. టెక్సాస్‌లో మరికొందరిని పంపబోతున్నారని తెలియడంతో ఏప్రిల్ 19 తెల్లవారుజామున కోర్టు ఆపేసింది. హక్కులు ఎలా వాడుకోవాలో చెప్పకుండా సుమారు 24 గంటల ముందు ఇచ్చే నోటీసు చాలదని మే 16న స్పష్టం చేసింది.

విద్యార్థుల కేసులు

మన కుటుంబాలకు నేరుగా తగిలింది సెవిస్ వ్యవహారం. విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్ పేరు సెవిస్. 2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు, ఏ దేశం నుంచీ అంతమంది లేరు. వారిలో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉంటారు. 2025 మార్చి, ఏప్రిల్ నెలల్లో అధికారులు విద్యార్థుల పేర్లను నేర రికార్డులతో పోల్చి, వేలమంది సెవిస్ రికార్డులు రద్దు చేశారు. చాలామందివి ట్రాఫిక్ కేసులు, కొట్టేసిన పాత కేసులు. ముందస్తు నోటీసు లేదు. అమెరికా వలస న్యాయవాదుల సంఘం పరిశీలించిన 327 కేసుల్లో సగం భారతీయ విద్యార్థులవే.

విద్యార్థులు కోర్టులకు వెళ్లారు. అట్లాంటా ఫెడరల్ కోర్టు ఒక్క కేసులోనే 133 మంది రికార్డులను తాత్కాలికంగా పునరుద్ధరించమని ఆదేశించింది. దేశమంతటా ఇలాంటి ఆదేశాలు వరుసగా రావడంతో, ఏప్రిల్ 25న రికార్డులు తిరిగి ఇస్తున్నామని ప్రభుత్వం కోర్టుకు చెప్పింది. అప్పటికే భయపడి ఇంటిదారి పట్టినవారు మాత్రం గడప బయటికి వెళ్లిపోయినట్టయింది.

ఇప్పుడు ఎవరి కేసు వాళ్లే

2025 జూన్ 27న సుప్రీంకోర్టు 6-3తో మరో ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. ఒక జిల్లా జడ్జి అధ్యక్షుడి ఉత్తర్వును దేశమంతా అందరికీ ఆపేయడం కుదరదని, కేసు వేసినవారికే ఊరట ఇవ్వాలని చెప్పింది. అయితే ఒకే పరిస్థితిలో ఉన్నవారంతా కలిసి వేసే క్లాస్ యాక్షన్ కేసులకు దారి ఉంచింది. తాత్కాలిక వీసాలపై ఉన్నవారి పిల్లలకు పుట్టుకతో పౌరసత్వం నిరాకరించే ఉత్తర్వును జులై 10న న్యూ హాంప్‌షైర్ జడ్జి ఆ దారిలోనే ఆపారు.

కుటుంబాలు గుర్తుంచుకోవాల్సినవి

వీసా స్టాంపు రద్దు, సెవిస్ రికార్డు రద్దు వేర్వేరు. స్టాంపు దేశంలోకి వెళ్లడానికి, రికార్డు అక్కడ ఉండటానికి. ఏది రద్దయిందో తెలుసుకోకుండా, లాయరును అడగకుండా విమానం ఎక్కవద్దు.

ఇమిగ్రేషన్ కోర్టు నోటీసు వస్తే ఆ తేదీకి తప్పక హాజరుకావాలి. వెళ్లకపోతే, మనిషి లేకుండానే బహిష్కరణ ఉత్తర్వు ఇచ్చేయవచ్చు.

స్వచ్ఛందంగా వెళ్లిపోతామనే కాగితంపై చదవకుండా సంతకం పెట్టకూడదు. సంతకంతో విచారణ హక్కు పోవచ్చు.

నిర్బంధంలోకి తీసుకుంటే భారత కాన్సులేట్‌కు తెలియజేయమని అడిగే హక్కు 1963 వియన్నా ఒప్పందం ప్రకారం ఉంది.

ఎక్కడ ఉంచారో వెంటనే కనుక్కోవాలి. పేరు, పుట్టిన దేశం ఆధారంగా ఐస్ సంస్థ వెబ్‌సైట్‌లో వెతకవచ్చు. పిటిషన్ వేయాల్సింది ఆ ఊరి కోర్టులోనే. మరో రాష్ట్రానికి తరలించకముందే వేయగలిగితే కేసు అక్కడే నడుస్తుంది. అందుకే పాస్‌పోర్టు, ఐ-20 ప్రతులు, ఒక లాయరు నంబరు ఇక్కడ ఇంట్లో కూడా ఉంచుకోవాలి.