పలకలో నల్లమల

ఆ కట్టె కాస్త లోపలికి తొయ్యి నాయనా, చలిగా ఉంది. అటక మీద పలక చూశావా? మా చిన్నప్పుడు మార్కాపురంలో బేడకొచ్చేది. బొగ్గూ దోసాకూ కలిపి రుద్దితే నిగనిగలాడేది. పగలగొట్టుకొస్తే వీపు విమానం మోతే! సరే, ఏరు ఎన్ని వంకలు తిరిగినా సముద్రానికే కదా, అసలు ముచ్చటకొస్తాను.

మా మేనమామ గనిలో పలకలు చీల్చేవాడు. రాతి అంచున ఉలి ఆనించి రెండు దెబ్బలు వేస్తే, పొత్తంలో కాగితాల్లా విడిపోయేది. ఒకసారి పలకకు అడ్డంగా బూడిదరంగు చార కనిపించింది. ఎవరు గీశారు మామా అంటే, "అదేరా అసలు పొర" అన్నాడు. ఒకప్పుడు సముద్రంలో పేరుకున్న బురదట అది. పలక చీలేది ఆ పొర వెంట కాదు. తర్వాతెప్పుడో తూర్పు నుంచి నేల నెట్టుకొచ్చి నల్లమలను దుప్పటిలా మడతలు పెట్టింది చూడు, ఆ ఒత్తిడికి పడ్డ చీలిక వెంట.

గని గోడలో అదే చార ఒకచోట తెగి, జానెడు కిందికి జారి ఉండేది. చదువుకున్నవాళ్లు భ్రంశం అంటారు. తెగిన మొహం మీద వేలు జరిపితే ఒకవైపు నున్నగా పోయేది, ఎదురు జరిపితే గరగర. రాయి ఎటు జారిందో వేలికే తెలిసేది. మా ముసలమ్మలు మాత్రం భీముడి గోటి గీతలని దణ్ణం పెట్టేవాళ్లు.

ఆవలించకు, వయసు సంగతి ఇప్పుడే వస్తోంది. చెట్టు ముందా విత్తు ముందా అన్న తగువు ఇక్కడ లేదు. తెగిన పొర పెద్దది, తెంపిన చీలిక చిన్నది. ఆ చీలిక మీదుగా తెగకుండా పరుచుకున్న రాయి ఇంకా చిన్నది. చెలమ అడవిలో పాతాళం నుంచి పైకి చొచ్చుకొచ్చిన లాంప్రోయిట్ రాయికి సుమారు 140 కోట్ల ఏళ్లని లెక్క తేలింది. అది చొరబడ్డ రాళ్లు అంతకన్నా పెద్దవన్నమాట. తూర్పు అంచునైతే ముదురు రాళ్లే లేత రాళ్ల మీదికెక్కి కూర్చున్నాయి. రాళ్లను పరిశీలించే కింగ్ అనే దొర ఈ కొండలన్నీ తిరిగి 1872లోనే పుస్తకం రాశాడు.

ఇదంతా పాత సంగతే అనుకోకు, 1967 మార్చిలో ఒంగోలు భూకంపానికి మా ఉట్టి మీద కుండలు ఊగాయి. నేల ఇంకా పూర్తిగా సద్దుమణగలేదు.

ఆ పలక దించు. మంట వెలుగుకు ఏటవాలుగా పట్టు. చార కనబడిందా?