ఫోకస్ పుల్లర్ నుంచి ఫర్మ్‌వేర్ దాకా: పడమటి మండలాల్లో ఆటోఫోకస్

సినిమా కెమెరాలో ఫోకస్ నిలపడం చాలాకాలం చేతిపనిగానే సాగింది. మద్రాసు స్టూడియోల్లో మిచెల్ కెమెరాలు నడిచిన రోజుల్లో, షాటు తీస్తుండగా లెన్సులోంచి చూసే వీలు ఉండేది కాదు. ఆపరేటరు పక్కన బిగించిన వ్యూఫైండరులో ఫ్రేము చూసుకునేవాడు. నటుడు నిలబడే చోటికి టేపుతో దూరం కొలిచి, నేలమీద గుర్తు పెట్టి, ఆ లెక్కన లెన్సు రింగు తిప్పడానికి వేరే సహాయకుడు ఉండేవాడు. అతనే ఫోకస్ పుల్లర్. ఫోకస్ పోయిన సంగతి ఫిల్ము ల్యాబులో కడిగి వచ్చాకే బయటపడేది. అందుకే ఆ పనిని చేయి తిరిగినవాళ్లకే అప్పగించేవారు.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లోని ఊళ్లు. తక్కిన తెలుగు పట్టణాల్లాగే ఇక్కడా కదిలే బొమ్మ తీయడం ఎక్కువమందికి పెళ్లి వీడియోలతోనే బతుకుతెరువయింది. ఆ పనిలో ఫోకస్ పుల్లర్‌కు చోటు లేదు. కెమెరా మోసేది, తిప్పేది, ఫోకస్ చూసుకునేది ఒక్కడే. వీహెచ్‌ఎస్ క్యామ్‌కార్డర్లు, వాటి తర్వాత సోనీ పీడీ170 వంటి డీవీ క్యామ్‌కార్డర్లు రాజ్యమేలినంత కాలం దీంతో పెద్ద చిక్కు రాలేదు. వాటి సెన్సరు చిన్నది. పీడీ170లో అది అంగుళంలో మూడో వంతు. సెన్సరు చిన్నదైతే ముందున్నదీ వెనకున్నదీ దాదాపు ఒకేలా స్పష్టంగా కనిపిస్తాయి. ఆటోఫోకస్ కాస్త అటూ ఇటూ అయినా చూసేవారికి తెలిసేది కాదు.

2008లో కేనన్ విడుదల చేసిన 5డీ మార్క్ 2 ఈ వెసులుబాటును పోగొట్టింది. 36 మి.మీ. వెడల్పున్న దాని సెన్సరు, వెనకదంతా మసకబారి మొహం ఒక్కటే తేలే సినిమా బొమ్మను తక్కువ ధరకే అందించింది. కెమెరా కొన్న తర్వాత కూడా ఫర్మ్‌వేర్‌తో, అంటే లోపల దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌తో, మెరుగుపడుతుందని చాలామంది వీడియోగ్రాఫర్లకు అనుభవంలోకి వచ్చింది దీనితోనే. 2009 జూన్‌లో వచ్చిన ఫర్మ్‌వేర్ వీడియోలో ఎక్స్‌పోజరును చేత్తో అదుపు చేసే వీలు ఇచ్చింది. 2010 మార్చిలో వచ్చినది సెకనుకు 24, 25 ఫ్రేముల వేగాలను చేర్చింది. 2011లో రాంగోపాల్ వర్మ ‘దొంగల ముఠా’ను కేనన్ కెమెరాలతో 5 రోజుల్లో తీశారు. అయితే షాటు నడుస్తుండగా మనిషి వెంట కదిలే ఆటోఫోకస్ మాత్రం 5డీ మార్క్ 2కు ఏ అప్‌డేట్‌తోనూ రాలేదు. ఎందుకు రాలేదన్నది ఆటోఫోకస్ పనిచేసే తీరులో ఉంది.

ఆటోఫోకస్‌కు ప్రధానంగా రెండు పద్ధతులు. కాంట్రాస్ట్ పద్ధతిలో కెమెరా లెన్సును ముందుకూ వెనక్కూ జరిపి, బొమ్మ అంచులు ఎక్కడ పదునుగా ఉన్నాయో వెతుకుతుంది. సరైన చోటును దాటి వెళ్లి తిరిగి వస్తేగానీ అదే సరైనదని దానికి తెలియదు. ఈ తడుములాటనే కెమెరామెన్లు హంటింగ్ అంటారు. ఫేజ్ పద్ధతిలో లెన్సు రెండు వైపుల నుంచి వచ్చే వెలుగును పోల్చి, లెన్సు ఎటు, ఎంత జరగాలో కెమెరా ముందే లెక్క కడుతుంది. దీన్ని వీడియోలో వాడాలంటే సెన్సరులోనే తగిన ఏర్పాటు ఉండాలి. 5డీ మార్క్ 2లో అది లేదు. 2013లో కేనన్ 70డీలో ప్రవేశపెట్టిన డ్యుయల్ పిక్సెల్ సెన్సరులో ప్రతి పిక్సెల్‌నూ రెండు భాగాలుగా చేసి ఆ ఏర్పాటు కల్పించారు.

సినిమా కెమెరాల్లో మలుపు ఆ ఏడాదే వచ్చింది. 2012లో విడుదలైన సీ100కు డ్యుయల్ పిక్సెల్ ఆటోఫోకస్‌ను చేరుస్తామని కేనన్ 2013 నవంబరులో ప్రకటించి, 2014 ఆరంభంలో ఆ పని మొదలుపెట్టింది. సీ300కు కూడా 2014లోనే ఈ సదుపాయం వచ్చింది. ఇది ఉచితం కాదు. సీ100కు అమెరికాలో 500 డాలర్లు తీసుకున్నారు. కెమెరాను సర్వీసు సెంటరుకు పంపాలి. ఆటోఫోకస్ కూడా ఫ్రేము నడిమి భాగంలోనే పనిచేసేది. అయినా అప్పటికే అమ్ముడైన సినిమా కెమెరాకు కదిలే మనిషిని వెంబడించే శక్తి చేరడం చిన్న విషయం కాదు.

తర్వాతి అడుగు, దేన్ని వెంబడించాలో కెమెరాకు నేర్పడం. 2019 ఏప్రిల్‌లో సోనీ ఏ7-3కి వచ్చిన 3.0 ఫర్మ్‌వేర్ ఫొటోల్లో కంటిని పట్టి వదలని ఫోకస్ ఇచ్చింది. నికాన్ జెడ్6, జెడ్7లకు అదే ఏడాది మే నెలలో మనిషి కన్ను, 2020 ఫిబ్రవరిలో కుక్క, పిల్లి గుర్తుపట్టేవాటి జాబితాలో చేరాయి. పుంగనూరు పొట్టి ఆవుకు ఆ జాబితాలో చోటు దక్కలేదు. కెమెరా దేన్ని గుర్తుపడుతుందన్నది దానికి ఏ బొమ్మలు చూపించి నేర్పారన్న దాన్ని బట్టి ఉంటుంది. సోనీ సినిమా కెమెరా ఎఫ్‌ఎక్స్6ను 2020 నవంబరులో ప్రకటించారు. తెరమీద తాకిన మనిషిని వెంబడించే రియల్ టైమ్ ట్రాకింగ్ 2022లో వర్షన్ 2తో దానికి చేరింది. ఈ నాటికి అప్‌డేట్ కోసం కెమెరాను ఎక్కడికీ పంపనక్కర్లేదు. ఫైలును కార్డులోకి ఎక్కించి, నిండా ఛార్జున్న బ్యాటరీ పెట్టి, మెనూలో ఒప్పుకుంటే చాలు. పెద్ద నగరమంటే బెంగళూరుకు ప్రయాణం కట్టాల్సిన ఊళ్లకు ఇది పని దినం మిగిల్చే మార్పు.

పెళ్లి మండపం ఆటోఫోకస్‌కు గట్టి పరీక్ష. తెల్లవారుజాము ముహూర్తానికి వెలుగు తక్కువ. జీలకర్ర బెల్లం వేళ వధూవరుల మధ్య అడ్డుతెర ఉంటుంది. తలంబ్రాలు మొహాల ముందు రాలతాయి. హోమం పొగ బొమ్మలో కాంట్రాస్టును చంపేస్తుంది. పాత కాంట్రాస్ట్ ఫోకస్ తెరనో బియ్యాన్నో పట్టుకుని మొహాన్ని వదిలేసేది. మొహాన్ని గుర్తుపట్టే ఫర్మ్‌వేర్ వచ్చాక ఆ తప్పు బాగా తగ్గింది. ఫోకస్ ఎంత వేగంగా మారాలి, అడ్డం వచ్చినదాన్ని ఎంతసేపు పట్టించుకోకూడదు అన్నవి మెనూలో విడివిడిగా అమర్చుకోవచ్చు. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతర, కుప్పం గంగమ్మ జాతర వంటి చోట్ల జనం క్షణక్షణం కెమెరాకు అడ్డం వస్తారు. అక్కడ ఈ రెండో అమరికే ఎక్కువ ఉపయోగం. హార్స్‌లీ హిల్స్‌లో మంచు కమ్మిన పొద్దున మాత్రం ఏ పద్ధతైనా తడబడుతుంది. బొమ్మలో అంచులు లేకపోతే పోల్చడానికి దానికి ఏమీ దొరకదు.

ఫర్మ్‌వేర్‌కు హద్దు ఉంది. సెన్సరులో లేనిదాన్ని అది పుట్టించలేదు. పానసోనిక్ 2019 నవంబరులో జీహెచ్5 ఆటోఫోకస్‌ను ఫర్మ్‌వేర్‌తో మెరుగుపరిచినా, కాంట్రాస్ట్ పద్ధతిలోని తడుములాట పూర్తిగా పోలేదు. 2023 జనవరిలో ప్రకటించిన ఎస్5-2లో ఆ సంస్థ ఫేజ్ పద్ధతికి మారింది. పెద్ద సినిమాల్లో నేటికీ ఫోకస్ చేత్తోనే పడుతుంది. అక్కడ వాడే సినిమా లెన్సుల్లో చాలావాటికి ఆటోఫోకస్ మోటారే ఉండదు. పైగా ఏ మాట దగ్గర ఎవరి మొహం మీదికి ఫోకస్ వెళ్లాలన్నది కథను బట్టి తేలే నిర్ణయం. ఫర్మ్‌వేర్ సెన్సరు హద్దును దాటలేదు కాబట్టి, ఆటోఫోకస్ కోసం కెమెరా కొనేవారు ముందు చూడాల్సింది సెన్సరులో ఫేజ్ ఏర్పాటు ఉందా లేదా అన్నది. అది ఉంటే రాబోయే అప్‌డేట్లు పనికొస్తాయి. లేకుంటే ఎన్ని వచ్చినా ఫలితం కొద్దిగానే ఉంటుంది.