ఏఱు దాటినవారును, తెప్పకై వేచినవారును



మన మర్పల్లి ప్రాంతమున "ముల్కీ" యను మాట పెద్దలకుఁ గ్రొత్త కాదు. నిజాము ప్రభుత్వపు 1919 ఫర్మానా ననుసరించి, సంస్థానమున పదునైదేండ్లు నివసించి, స్వస్థలమునకుఁ దిరిగిపోనని ప్రమాణపత్రము నిచ్చిన పరదేశియు ముల్కీ కావచ్చును. అట్లయిన పిదప, తన వెనుక వచ్చువానిని పరదేశి యనుటకు వానికి నోరు వచ్చును. ఈ స్వభావమే నేఁడు అమెరికాలోని మనవారియందును గానవచ్చుచున్నది.

1923లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము, భగత్‌సింగ్ తింద్ వ్యాజ్యెమున, భారతీయుఁడు ఆ దేశపౌరుఁడు కాఁజాలఁడని తీర్పు చెప్పెను. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఆ కాలముననే బోస్టను చేరిరి. ఔషధశాస్త్రమున లోకోపకారియైన ఆ మహనీయుఁడు 1948లో పౌరుఁడు కాకయే కన్నుమూసెను. 1946 చట్టము పౌరసత్వమునకు దారి యిచ్చినను, భారతీయులకు ఏఁటికి 100 మందికే ప్రవేశము. 1965 చట్టము తలుపులు తెఱచిన తరువాతనే మన వైద్యులును, ఇంజనీర్లును విరివిగా నచటికిఁ బోయిరి.

కార్నెగీ సంస్థ పరిశీలనలలో, భారతసంతతి వోటర్లలో ట్రంపుగారికి వోటు వేయఁదలఁచినవారు 2020లో నూటికి 22 మంది. 2024లో 32 మంది. అక్రమవాసులను పెద్దయెత్తున వెడలఁగొట్టెదనని చెప్పియే ఆయన 2024లో పోటీచేసెను. ఈ వోటర్లు మూఢులు కారు. ధరలు, పన్నులు వారి విచారములు. "మేము వరుసలో నిలిచి వచ్చితిమి, దొంగదారిని వచ్చినవారితో మాకేమి?" అని వారి వాదము. అందు న్యాయము లేకపోలేదు.

కాని తరువాత జరిగిన దేమి? 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులతో సైనికవిమానము అమృతసరమున దిగెను. అంతకుముందే, జనవరి 20నాఁటి యుత్తరువు, సక్రమముగాఁ దాత్కాలికానుమతిపై నున్నవారి బిడ్డలకుఁ గూడ జన్మసిద్ధ పౌరసత్వము లేదనెను. తల్లిదండ్రులలో నొకరైనను పౌరులో, శాశ్వతనివాసులో కావలెనఁట. ఆ యేఁడే న్యాయస్థానములు దాని నడ్డగించినవి. సెప్టెంబరులో హెచ్-1బి యను పనియనుమతి క్రొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధింపఁబడెను. దొంగదారివారికని గీచిన గీఁత, వరుసలో నిలిచినవారి కాళ్లవద్దకు జరిగెను.

పొరుగువాని గట్టు జరుపుటకుఁ దోడుపోయినవాఁడు తన గట్టు పదిలమని నమ్మఁగలఁడా? మీ పిల్లలు అమెరికానుండి ఫోనున మాటాడునపుడు, వారి వోటు నడుగవలదు. అది వారి స్వేచ్ఛ. ఈ యొక్క మాట యడుగుఁడు: "నాయనా, నీవు దాటివచ్చిన తెప్ప నీ తమ్మునికై యింకను రేవున నున్నదా?"

సెలవు.