ఒక్క ఖండములో ప్రవాహము

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండెడు మెతుకులను పట్టి చూచు ఇల్లాలు ఎచ్చటను ఉండదు. కాని నీరు, గాలి మొదలగువాని ప్రవాహములను అంకెలలో లెక్కగట్టు శాస్త్రజ్ఞులకు ఈ కిటుకు పూర్తిగా వశమగుటకు చాలకాలము పట్టినది.

ప్రవాహములను వర్ణించు సమీకరణములను ఫ్రాన్సు దేశీయుడగు నేవియే 1822లోను, కేంబ్రిడ్జి పండితుడగు స్టోక్సు 1845లోను రూపొందించిరి. సమీకరణములు దొరికినవే గాని వానిని సాధించుట దుష్కరమైనది. 1953లో జపాను శాస్త్రజ్ఞుడు కవగుతి, ఒక గుండ్రని స్తంభమును చుట్టి పారు నెమ్మది ప్రవాహమును బల్లమీది చేతియంత్రముతో లెక్కించెను. వారమునకు ఇరువది గంటల చొప్పున ఏడాదిన్నర పట్టినది! ఒక్క స్తంభమునకే ఇంత శ్రమయైనచో, వందల గొట్టములు బారులు తీరిన బాయిలరు మాట చెప్పనేల?

అయితే ఆ బారులోనే ఉపాయము కలదు. ఒకే అమరిక మరల మరల వచ్చునపుడు ఒక్క ఖండమును తీసికొని, దాని కుడి అంచున వెలుపలికి పోవు ప్రవాహమే ఎడమ అంచున లోనికి వచ్చుచున్నదని భావించిన చాలును. 1892లో రేలీ ప్రభువు, క్రమముగా పేర్చిన అడ్డంకులు గల పదార్థముల వాహకతను ఇట్టి ఆలోచనతోనే గణించెను. 1959లో హసిమోటో, ఘనాకారపు వరుసలలో అమర్చిన గోళముల నడుమ మెల్లగా పారు ద్రవమునకు దీనిని అన్వయించెను. గోళములు అనంతము, లెక్క మాత్రము ఒక్క గోళమున్న గదికే.

కంప్యూటర్లు వచ్చిన పిదప ఇంజనీర్లు ఈ మార్గమునే త్రొక్కబోగా ఒక చిక్కు ఎదురైనది. రెక్కలున్న నాళములో వేగము ప్రతి ఖండమునందును ఒకే తీరున ఉండవచ్చును గాని, పీడనము అట్లుండదు. అది క్రమముగా తగ్గనిదే ప్రవాహము ముందుకు సాగదు. రెండు అంచుల పీడనమును సమానము చేసితిమా, ద్రవమును నెట్టువాడే లేకపోవును!

పుణేలో ఇంజనీరింగు చదివి, లండనులో డాక్టరేటు పొంది, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన సుహాస్ పాటంకర్, తన సహచరులు ల్యూ, స్పారోలతో కలిసి 1977లో ప్రకటించిన వ్యాసము ఈ ముడిని విప్పినది. వారు పీడనమును రెండు పాళ్లుగా విభజించిరి. ఒకటి నాళము పొడవునా సమముగా తగ్గునది. రెండవది ఖండఖండమునకు పునరావృత్తమగునది. మొదటి దానిని ద్రవమును నెట్టు బలముగా సమీకరణములో చేర్చి, రెండవదానినే వెదకవలెను. ఉష్ణమునకును ఇట్టి ఏర్పాటే. గోడలు సమముగా వేడినిచ్చుచున్నచో ఉష్ణోగ్రత మెట్టుమెట్టుగా పెరుగును. గోడల ఉష్ణోగ్రతయే స్థిరమైనచో, గోడకును ద్రవమునకును గల తేడా ఆకారము మారక పరిమాణమున తగ్గుచు పోవును. మా దృష్టిలో ఈ విభజన ఎంత సులభముగా కనబడునో అంత గొప్పది.

లాభమెంత? వంద ఖండముల నాళమును, ఖండమునకు లక్ష గడుల చొప్పున పూర్తిగా లెక్కింపవలెనన్న కోటి గడులు కావలెను. ఇపుడు లక్షతో సరి. కాని నాళపు ముఖద్వారమువద్ద ప్రవాహమింకను కుదుటపడదు. అచ్చట ఈ పద్ధతి చెల్లదు. సుడులు ఒక ఖండమును దాటి సాగునపుడును మోసము జరుగును. రెండు మూడు ఖండముల పొడవున సాగు సుడిని ఒక్క దానిలో బంధించినచో అది తన తోకను తానే పట్టుకొనును.

1987లో కిమ్, మొయిన్, మోజర్ అనువారు రెండు సమతలపు గోడల నడిమి అల్లకల్లోల ప్రవాహమును దాదాపు 40 లక్షల బిందువులతో గణించిరి. అచ్చట పునరావృత్తమగు ఆకారమే లేదు. అయినను పొడవు వెడల్పుల దిశలలో ప్రవాహము మరల మరల వచ్చునట్లు భావించిరి. అందుచే వారు ముందుగా చూచుకొనవలసినది పెట్టె పొడవు. ఒక బిందువువద్ది వేగమునకును, పెట్టెలో సగము దూరమునగల వేగమునకును సంబంధము నశించినదని తేలిన తరువాతనే తక్కిన ఫలితములు నమ్మదగినవగును.