సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ పురుషుల బాస్కెట్‌బాల్ టోర్నమెంట్

సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ పురుషుల బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ అమెరికాలో 1976 నుంచి 1996 వరకు ఏటా జరిగిన విశ్వవిద్యాలయ జట్ల పోటీ. కాన్ఫరెన్స్ అంటే విశ్వవిద్యాలయాలు కలిసి కట్టుకున్న క్రీడా కూటమి. 1914లో పుట్టిన ఈ కూటమిలో, టోర్నమెంట్ మొదలయ్యేనాటికి, టెక్సస్ రాష్ట్రానికి చెందిన ఎనిమిది విశ్వవిద్యాలయాలు, పొరుగు రాష్ట్రపు ఆర్కాన్సా ఉన్నాయి.

నేపథ్యం

జాతీయ ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌ను 1975లో 32 జట్లకు పెంచి, ఒకే కూటమి నుంచి ఒకటికి మించి జట్లను అనుమతించారు. మరుసటి ఏడాదే సౌత్‌వెస్ట్ కూటమి సీజన్ చివర సొంత టోర్నమెంట్ పెట్టి, విజేతకు జాతీయ పోటీలో చోటు ఖాయం చేసింది. లీగ్‌లో వెనకబడిన జట్టుకూ దీంతో ఆశ మిగిలింది. తొలి టోర్నమెంట్ డాలస్‌లో జరగగా, లీగ్‌లో అగ్రస్థానంలో ఉన్న టెక్సస్ ఏ అండ్ ఎంను ఓడించి టెక్సస్ టెక్ గెలిచింది. తర్వాత హ్యూస్టన్, శాన్ ఆంటోనియో నగరాలు వేదికలయ్యాయి. 1985 నుంచి చివరిదాకా డాలస్‌లోని రీయూనియన్ అరీనాలోనే ఆడారు.

విజేతలు

21 టైటిళ్లలో ఆర్కాన్సా 6, హ్యూస్టన్, టెక్సస్ టెక్ చెరి 5, టెక్సస్, టెక్సస్ ఏ అండ్ ఎం చెరి 2, ఎస్‌ఎంయూ 1 గెలుచుకున్నాయి. బేలర్, రైస్, టీసీయూలకు ఒక్కటీ దక్కలేదు. 1983, 1984లలో గెలిచిన హ్యూస్టన్ జట్టులో హకీమ్ ఒలాజువాన్ ఆడాడు.

ఆట ఎంత మారిందో రెండు ఫైనళ్లు చెబుతాయి. 1979లో ఆర్కాన్సా టెక్సస్‌ను 39–38తో ఓడించింది. అప్పట్లో బంతిని ఎంతసేపు అట్టిపెట్టుకున్నా అడిగే నిబంధన లేదు. 1985–86లో 45 సెకన్ల గడువు, మరుసటి సీజన్‌లో మూడు పాయింట్ల గీత వచ్చాయి. 1991లో అదే ఆర్కాన్సా అదే టెక్సస్‌పై 120–89తో నెగ్గింది.

మహిళల టోర్నమెంట్ కూడా ఈ కూటమి నడిపింది. 1993 ఫైనల్లో టెక్సస్ టెక్ క్రీడాకారిణి షెరిల్ స్వూప్స్ ఒక్కరే 53 పాయింట్లు సాధించారు.

ముగింపు

బాస్కెట్‌బాల్ బలహీనపడి ఈ పోటీ ఆగలేదు. అమెరికన్ ఫుట్‌బాల్ ప్రసార ఆదాయం కోసం జరిగిన వలసలే కూటమిని విడదీశాయి. 1991లో ఆర్కాన్సా సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌కు వెళ్లింది. 1994లో టెక్సస్, ఏ అండ్ ఎం, టెక్సస్ టెక్, బేలర్ కొత్త బిగ్ 12 కూటమిలో చేరాలని నిర్ణయించాయి. 1996లో కూటమి రద్దయింది. ఆ ఏటి చివరి ఫైనల్లో టెక్సస్‌పై 75–73తో గెలిచింది తొలి విజేత టెక్సస్ టెక్కే. రీయూనియన్ అరీనాను 2009లో కూల్చేశారు. హ్యూస్టన్‌లో ఈ పోటీలకు వేదికైన సమిట్ భవనం ఇప్పుడు లేక్‌వుడ్ చర్చి.