తొరపల్లి రాయబారి

వేప్పనపల్లి తమిళనాడులోని ఊరే అయినా అక్కడి ఇళ్లలో తెలుగు వినబడుతుంది. అటు చూస్తే కుప్పం, ఇటు చూస్తే కర్ణాటక. ఈ ఊరున్న కృష్ణగిరి జిల్లాలో వీరగల్లులు ఎక్కువ. ఆవుల మందను తోలుకుపోతున్నవాళ్లకు అడ్డుపడి ప్రాణం విడిచినవాడి బొమ్మ చెక్కి నిలిపిన రాళ్లవి. కొన్నిచోట్ల వాటికి ఇప్పటికీ పూజ జరుగుతుంది. పోరాడి చచ్చిపోయినవాడే అక్కడ దేవుడయ్యాడు. ఆ భక్తిని తక్కువ చేయడానికి లేదు. మంద పోతే ఊరి బతుకే పోయే కాలమది.

ఆ తర్వాత కూడా పోరు ఈ నేలను వదల్లేదు. 1791లో కృష్ణగిరి దుర్గం మీదికి ఈస్టిండియా కంపెనీ సైన్యం దండెత్తింది. మరుసటి ఏడు శ్రీరంగపట్టణం ఒప్పందంతో కృష్ణగిరి ఉన్న బారామహల్ సీమ టిప్పు సుల్తాన్ చేతి నుంచి కంపెనీ చేతికి పోయింది.

ఇలా పోరు వదలని సీమకు ఆనుకునే ఉన్న హోసూరు పక్కన, తొరపల్లి మునసబు గారింట 1878 డిసెంబరు 10న చక్రవర్తి రాజగోపాలాచారి, అందరి రాజాజీ, పుట్టారు. వైష్ణవ కుటుంబం. పెద్దయ్యాక ఆయన గీతకు, ఉపనిషత్తులకు వివరణలు రాశారు, భారతాన్ని తమిళంలో కథలుగా చెప్పారు. భారతమంటే యుద్ధమే గుర్తొస్తుంది గానీ, తెలుగువాళ్ల మనసులో దానికంటే ముందు నిలిచేది రాయబారం. ఐదూళ్లిచ్చినా చాలు, రక్తపాతం వద్దని నిండు సభలో కృష్ణుడు అడిగిన ఘట్టం. రాజాజీ జీవితాన్ని ఆ ఘట్టం పక్కన పెట్టి చూస్తేనే ఆయన విశ్వాసం అర్థమవుతుంది.

1942లో ఆయన సొంత పక్షంవాళ్లనే అలా అడిగారు. పాకిస్తాన్ కావాలన్న ముస్లిం లీగు కోరికను సూత్రంగా ఒప్పుకుని చర్చలకు దారి తీయమన్నారు. కాంగ్రెస్ కాదంది. ఆయన పార్టీనుంచి బయటికొచ్చారు, క్విట్ ఇండియాలో చేరలేదు. దేశమంతా జైళ్లకు వెళ్తుంటే బయట ఉండిపోయినవాణ్ని జనం ఎలా చూస్తారో చెప్పనక్కర్లేదు. తగవు వద్దన్నందుకు ఆయనకు దక్కింది ఒంటరితనం. రెండేళ్ల తర్వాత ఆయన ప్రతిపాదించిన సూత్రం పట్టుకునే గాంధీ బొంబాయిలో లీగు నేత జిన్నాతో మాట్లాడారు. ఆ మాటలు ఫలించలేదు. కౌరవ సభలో కృష్ణుడి రాయబారమూ ఫలించలేదు కదా!

పదేళ్లకు పరిస్థితి తారుమారైంది. 1952 అక్టోబరు 19న ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు మద్రాసులో నిరశన మొదలుపెట్టారు. అప్పుడు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి రాజాజీ. ఇద్దరూ గాంధీ మనుషులే. హరిజనుల ఆలయ ప్రవేశం కోసం నెల్లూరులో ఉపవాసం చేసిన భక్తుడు శ్రీరాములు. ఇద్దరిదీ హింస ఎరుగని మార్గం, అయినా మధ్యలో రాయబారం నడవలేదు. మద్రాసు నగరం ఆంధ్రకు దక్కకూడదన్న పట్టు రాజాజీది. రాష్ట్రం ఇవ్వడం ఢిల్లీ చేతిలో ఉన్న మాట నిజమే. అయినా అందరికీ నచ్చజెప్పగల ఆ పెద్దమనిషి ఆ 58 రోజుల్లో ఒక్క అడుగు ముందుకేసి ఉంటే బాగుండేదన్న బాధ తెలుగువాడికి ఇవాళ్టికీ మిగిలే ఉంది. డిసెంబరు 15 రాత్రి శ్రీరాములు కన్నుమూశారు. ఆ తర్వాత చెలరేగిన అల్లర్లలో ప్రాణాలు పోయాయి.

శాంతస్వభావమంటే నోరు మూసుకోవడం కాదని కూడా రాజాజీయే చూపించారు. నెహ్రూ ఆర్థిక విధానాలు నచ్చక 1959లో ఎన్.జి.రంగాతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. అప్పటికి ఆయనకు ఎనభై ఏళ్లు.

1962 సెప్టెంబరులో, 83 ఏళ్ల వయసులో, ఆయన అమెరికా వెళ్లారు. గాంధీ శాంతి ప్రతిష్ఠానం తరఫున వాషింగ్టన్‌లో అధ్యక్షుడు కెనడీని కలిసి అణు పరీక్షలు ఆపమని అడిగారు. పంచె కట్టుకున్న ఆ ముసలాయన చేతిలో సైన్యం లేదు, పదవీ లేదు. మరుసటి ఆగస్టులో అమెరికా, సోవియట్, బ్రిటన్ పాక్షిక పరీక్షల నిషేధంపై సంతకాలు చేశాయి. అది ఈ ఒక్క భేటీ ఫలితమనలేం గానీ, అడిగినవాళ్లలో తొరపల్లి మనిషి ఒకరు.

1966 అక్టోబరులో న్యూయార్క్‌లోని ఐక్యరాజ్యసమితి సభలో గాయని ఎం.ఎస్.సుబ్బులక్ష్మి కచేరీ చేశారు. ఆ రోజు కోసమే రాజాజీ ఇంగ్లీషులో ఒక ప్రార్థన రాసిచ్చారు. ద్వేషం విడిచి కలిసి బతకమని దేశాలను కోరే ఆ గీతాన్ని ఆమె ప్రపంచ ప్రతినిధుల ముందు పాడారు.

తొరపల్లిలో ఆయన పుట్టిన ఇంటిని తమిళనాడు ప్రభుత్వం స్మారకంగా కాపాడుతోంది.